సైలెన్సర్ కోసేస్తే బండికి బలం వస్తుందా?

ఈసారి రాసింది కాస్త పొడుగైంది. కాఫీ పక్కన పెట్టుకుని నిదానంగా చదవండి. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ పూర్తిగా చదివి తిట్టండి.

పోయిన కమిటీ మీటింగులో ఏం జరిగిందో వచ్చినవాళ్ళకు తెలుసు. రానివాళ్ళకోసం చెప్తున్నాం. ఉగాది కార్యక్రమాల గురించి మాట్లాడుకుంటుంటే మన యువజన విభాగం పిల్లలు ఒక మాట ముందుకు తెచ్చారు. పండగ మరుసటి ఆదివారం హోసూరు నుంచి తళి వైపు జీపుల ర్యాలీ, అక్కడ మన సభ్యులొకరి పొలం పక్కనున్న రాళ్ళ గుట్ట మీద బండ్లు ఎక్కించే పోటీ, ఆ తరువాత అందరికీ భోజనాలు. బాగానే ఉంది కదా అనుకునేలోపు పెద్దవాళ్ళలో నలుగురైదుగురు లేచి వద్దే వద్దన్నారు. పిల్లలు అలిగారు. ఒకరిద్దరు మాట జారారు. ఉగాది పచ్చడి ఎవరు చెయ్యాలన్నది కూడా తేలకుండానే మీటింగు ముగిసింది.

గొడవ జీపుల గురించి కాదని అందరికీ తెలుసు. ఆ జీపుల సైలెన్సర్ల గురించి. మన పిల్లల బండ్లలో కొన్నింటికి కంపెనీ సైలెన్సర్ కోసేసి, దాని బదులు నేరుగా ఒక లావు పైపు అతికించారు. కొన్ని బైకులకూ అదే వైద్యం. ఆ చప్పుడు ఏ వీధిలోకి వచ్చినా ఆ వీధంతా కిటికీలు మూసుకుంటుంది.

మా మాట ముందే చెప్పేస్తాం. మేము ర్యాలీ జరగాలంటున్నాం. కోసిన సైలెన్సర్‌తో ఒక్క బండి కూడా అందులో ఉండకూడదంటున్నాం. ఈ రెండు మాటలూ ఒకే నోటితో ఎందుకంటున్నామో చెప్పడానికే ఇదంతా.

మొన్నటి ఆదివారం తెలుగు తరగతిలో జరిగింది వినండి. పొద్దున తొమ్మిదికి ఇరవై రెండుమంది పిల్లలు కూర్చుని గుణింతాలు చదువుతున్నారు. చెప్పే అమ్మకు డెబ్బై దాటాయి. జీతం లేకుండా చెబుతున్నారు. ఆవిడ 'కౌ' అనబోతుంటే బయట బండి ఆగి, ఊరికే రెండుసార్లు రేసిచ్చి, మళ్ళీ రేసిచ్చింది. ఆవిడ చెవులు మూసుకున్నారు. చిన్నపిల్లలు నవ్వారు, మరీ చిన్నపిల్ల ఒకతె ఏడ్చింది. ఆ బండి నడిపేది పరాయివాళ్ళు కాదు. పదేళ్ళ కింద అదే చాప మీద కూర్చుని, అదే అమ్మ దగ్గర గుణింతాలు నేర్చుకున్న పిల్లవాడే.

తరువాత అతన్ని పిలిచి అడిగాం. కోపంగా అడగలేదు. అతను చెప్పింది ఒక్కటే మాట. "సౌండు కోసం కాదంకుల్, పవర్ కోసం. గుట్ట ఎక్కేటప్పుడు ఇంజన్ ఫ్రీగా ఊపిరి పీల్చాలి కదా."

మంచిది. పవర్ అన్నాడు కాబట్టి పవర్ గురించే మాట్లాడదాం. చప్పుడు చెడ్డదని మాత్రమే చెబితే ముసలివాళ్ళ సణుగుడనుకుంటారు.

ముందు మా తప్పు ఒప్పుకోవాలి. మాకూ ఒక కాలం ఉండేది. ముగ్గురు స్నేహితులం కలిసి డబ్బులేసుకుని ఒక పాత ఆర్‌ఎక్స్ 100 కొన్నాం. 98 సీసీ, రెండు స్ట్రోకుల ఇంజన్, 11 గుర్రాల బలం. ఇప్పటి పిల్లలకు కూడా ఆ పేరు చెబితే కళ్ళు మెరుస్తాయి. దాని సైలెన్సర్ చివర ఒక చిన్న స్క్రూ ఉంటుంది. అది విప్పి లాగితే లోపలి బ్యాఫిల్ పైపు బయటికొస్తుంది. మసి తుడవడానికి కంపెనీవాళ్ళు పెట్టిన ఏర్పాటు అది. మేము మసి తుడిచి మళ్ళీ పెట్టకుండా అటక మీద పడేశాం. ఓహో, ఏం చప్పుడు! బాగలూరు రోడ్డులో మొదలైతే బస్టాండు దాకా వినిపించేది. బండి రాకెట్ అయిపోయిందని మాకు పూర్తి నమ్మకం.

ఆ నమ్మకం చంద్రచూడేశ్వరస్వామి కొండ దగ్గర వదిలిపోయింది. అంతకుముందు ఇద్దరం కూర్చుంటే రెండో గేరులో ఎక్కే మలుపు, బ్యాఫిల్ తీశాక ఎక్కలేదు. గేరు దించాల్సి వచ్చింది. పెట్రోలు చెడిందన్నాం, కార్బురేటర్ అన్నాం, ప్లగ్గు అన్నాం. అన్నీ మార్చాం. చివరికి బస్టాండు వెనకాల షెడ్డులో ఉండే మేస్త్రీ దగ్గరికి తీసుకెళితే ఆయన వెనక చక్రం దగ్గర కూర్చుని, సైలెన్సర్ మూతిలో వేలుపెట్టి చూసి, "ఏమప్పా, ఊదుగొట్టం పారేసి వెదురుబొంగుతో ఊదితే పొయ్యి మండుతాదా?" అన్నాడు.

అప్పుడు నవ్వుకున్నాం. ఆ ఒక్క మాటలో ఎంత విషయముందో అర్థం కావడానికి మాకు చాలా ఏళ్ళు పట్టింది.

మన అమ్మమ్మల ఊదుగొట్టం గుర్తుందా? సన్నగా ఉంటుంది. అందుకే ఊపిరి వేగంగా పోయి నిప్పును తాకుతుంది. అదే ఊపిరిని లావు బొంగులో ఊదితే గాలి మెల్లగా బయటికొచ్చి బూడిద కూడా లేవదు. ఇంజన్ నుంచి బయటికొచ్చే పొగకూ అదే సూత్రం. పైపు సన్నగా ఉంటే తక్కువ ఆర్పీఎమ్‌లో కూడా పొగ వేగంగా పోతుంది. వేగంగా పోయే పొగ తన వెనకాల కాస్త ఖాళీని వదులుతుంది. ఆ ఖాళీ సిలిండర్లో మిగిలిన పొగను కూడా లాగేసుకుంటుంది.

నాలుగు స్ట్రోకుల ఇంజన్లో ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోకముందే ఇన్‌టేక్ వాల్వు తెరుచుకోవడం మొదలవుతుంది. ఆ రెప్పపాటు రెండూ తెరిచే ఉంటాయి. పాత పొగ బయటికి పోతూ కొత్త గాలిని లోపలికి లాక్కునేది అప్పుడే. ఆ లాగుడు సరిగ్గా కుదరాలంటే పైపు లావు ఎంత, పొడుగెంత, ఎక్కడ వెడల్పవుతుంది అన్నదంతా లెక్క ప్రకారం ఉండాలి. వాల్వు తెరుచుకున్న ప్రతిసారీ ఒక ఒత్తిడి అల పైపులో పరుగెత్తుతుంది. పైపు వెడల్పయ్యే చోట అది తిరగబడి, లాగుడు అలగా మారి వెనక్కి వస్తుంది. సరైన సమయానికి వచ్చిందా, ఇంజన్‌కు లాభం. సమయం తప్పిందా, నష్టం. మన పెళ్ళిళ్ళలో నాదస్వరం చూస్తాం కదా. రంధ్రం ఎక్కడ మూస్తే ఆ స్వరం పలుకుతుంది. పైపు కూడా అంతే. ఒక పొడుగు ఒక ఆర్పీఎమ్‌కు పలుకుతుంది, ఇంకో ఆర్పీఎమ్‌కు పలకదు. నాదస్వరాన్ని సగానికి కోసి ఇంకా బాగా పలుకుతుందనేవాణ్ణి ఎవరూ నమ్మరు. సైలెన్సర్ విషయంలో మాత్రం నమ్ముతున్నాం.

రెండు స్ట్రోకుల బండిలో ఇది ఇంకా కఠినం. అక్కడ అలాంటి ఎగ్జాస్ట్ వాల్వే లేదు. లోపలికొచ్చిన కొత్త పెట్రోలు గాలి కొంత అదే ఊపులో ఎగ్జాస్ట్ దారి పట్టి పారిపోవాలని చూస్తుంది. సైలెన్సర్ లోపలి పొట్ట, ఆ పొట్ట తరువాత సన్నబడే భాగం కలిసి ఒక అలను వెనక్కి తన్ని ఆ పారిపోయేదాన్ని మళ్ళీ సిలిండర్లోకి నెడతాయి. అంటే అక్కడ సైలెన్సర్ ఇంజన్లో ఒక భాగం. మేము అటక మీద పడేసిన బ్యాఫిల్ ఆ ఒత్తిడి లెక్కలోదే. కొండ మలుపులో మేము పోగొట్టుకున్నది అదే.

అప్పటి బండి కథ ఇప్పటి బండికెందుకంటారా? వస్తున్నాం.

గుట్టలెక్కే బండికి కావలసింది ఏమిటి? రాయి మీద చక్రం పెట్టి, జారకుండా, ఆగకుండా, నడక వేగంలో ఎక్కాలి. అక్కడ ఇంజన్ వెయ్యి, రెండువేల ఆర్పీఎమ్ మధ్య తిరుగుతుంది. అంటే కావలసింది కింది టార్క్. ఫ్రీ ఫ్లో సైలెన్సర్ ఏదైనా లాభం ఇస్తే అది ఎక్కువగా పైన, ఇంజన్ గట్టిగా అరిచే చోట ఇస్తుంది. రేసు ట్రాకులో తిన్నగా పరుగెత్తే బండికి అది పనికొస్తుంది. తళి గుట్ట మీద ఎవరూ ఆరువేల ఆర్పీఎమ్‌లో రాయి ఎక్కరు. ఎక్కితే రాయి మీద చక్రం ఊరికే తిరిగి టైరు కాలుతుంది, అంతే.

లెక్కలు చూడండి. ఇప్పటి థార్ 2.2 లీటర్ల డీజిల్ ఇంజన్ 300 న్యూటన్ మీటర్ల టార్క్‌ను 1600 నుంచి 2800 ఆర్పీఎమ్ లోపలే ఇచ్చేస్తుంది. గుట్ట ఎక్కడానికి ఎక్కడ కావాలో సుమారుగా అక్కడే. జిమ్నీలో టర్బో లేదు, 134 న్యూటన్ మీటర్లు, అదీ 4000 దగ్గర. కింద అసలే తక్కువున్న ఆ బండికి లావు పైపు పెట్టి ఉన్న కింది బలం కూడా పోగొట్టుకోవడం, తడి కట్టెలున్న పొయ్యి మీద నీళ్ళు చల్లినట్టు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. టర్బో ఉన్న బండిలో టర్బో తరువాతి పైపు కాస్త సాఫీగా ఉంటే టర్బో త్వరగా అందుకుంటుంది. అది నిజమే. కంపెనీవాళ్ళు చప్పుడు, పొగ, ఖర్చు అన్నీ చూసుకుని సైలెన్సర్ చేస్తారు కాబట్టి పవర్ విషయంలో కాస్త మిగిలే ఉంటుంది. అదీ నిజమే. కానీ ఆ మిగిలింది తీసుకోవాలంటే బెండ్ పైపు దగ్గర్నుంచి చివరి మూతి దాకా లెక్కకట్టి చేసిన సెట్టు కావాలి, దానికి తగ్గట్టు ఈసీయూలో ఇంధనం లెక్క మార్చాలి, డైనో మీద ఎక్కించి ముందూ వెనకా కొలవాలి. మన పిల్లలు చేయించింది అది కాదు. రోడ్డు పక్కన షెడ్డులో గ్రైండర్‌తో గంటలో కోసి, వెల్డింగ్ పెట్టి, మంటలార్పి ఇచ్చేసినది.

ఇప్పటి బండ్లలో ఇంకో చిక్కుంది. ఎగ్జాస్ట్ పైపులో ఆక్సిజన్ సెన్సార్ ఉంటుంది. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి ఇంజన్‌కు పెట్రోలు ఎంతివ్వాలో ఈసీయూ దాన్ని బట్టే తేలుస్తుంది. పైపు కోసినప్పుడు ఆ సెన్సార్ దగ్గర బయటి గాలి చొరబడితే లెక్క తప్పుతుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేస్తే దాని తరువాతున్న రెండో సెన్సార్ పట్టుకుని డాష్‌బోర్డు మీద ఇంజన్ లైటు వెలిగిస్తుంది. 2020 ఏప్రిల్ తరువాతి బీఎస్ 6 డీజిల్ బండ్లలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, దానికి ఒత్తిడి కొలిచే సెన్సార్, వేడి కొలిచే సెన్సార్ ఉంటాయి. దాన్ని తీసేస్తే ఇంజన్ తనను తాను కాపాడుకోవడానికి బలం తగ్గించుకునే స్థితిలోకి పోవచ్చు. బలం కోసం పోయి బలం పోగొట్టుకోవడమంటే ఇదే. పాత కార్బురేటర్ బైకులకైతే పెట్రోలు చాలక ఇంజన్ వేడెక్కుతుంది, యాక్సిలరేటర్ వదిలినప్పుడు పటపటమని పేలుతుంది. ఆ పేలుడును పవర్ అనుకునేవాళ్ళను మేము చూశాం. మేమే అనుకున్నాం కూడా.

ఆ క్యాటలిటిక్ కన్వర్టర్లో ఏముందో తెలుసా? ప్లాటినం, పెల్లాడియం, రోడియం లాంటి విలువైన లోహాల పూత. విషపు వాయువులను తక్కువ చెడ్డవాటిగా మార్చేది అదే. కోసి తీసిన పాత క్యాట్ షెడ్డులోనే వదిలేసి వచ్చాడు మన పిల్లవాడు. చప్పుడుకు డబ్బిచ్చి, విలువైన సామాను ఉచితంగా ఇచ్చి వచ్చాడు.

మరి చప్పుడు పెరిగితే బండి వేగంగా పోయినట్టు ఎందుకనిపిస్తుంది? చెవి చెప్పింది మనసు నమ్ముతుంది. అంతకంటే ఏం లేదు. అందుకే కొలవాలంటున్నాం. ఆ మాట చివర్లో చెప్తాం.

గుట్ట ఎక్కడానికి నిజంగా పనికొచ్చేవి వేరే ఉన్నాయి. మొదటిది టైర్లలో గాలి. రాళ్ళ మీదికి, ఇసుకలోకి పోయేముందు గాలి దించితే టైరు నేలను పరుచుకుని పట్టుకుంటుంది. మళ్ళీ రోడ్డెక్కేముందు నింపుకోవాలి. దీనికి కావలసింది ఒక గేజి, ఒక చిన్న కంప్రెసర్. రెండోది మంచి టైర్లు. మూడోది ఫోర్ లో గేరును సరిగ్గా వాడటం. ఇంజన్ ఇచ్చే టార్క్‌ను ఆ గేరు రెండింతలకు మించి పెంచి చక్రానికి ఇస్తుంది. ఏ సైలెన్సరూ ఇవ్వలేనిది అది. నాలుగోది కాలు. ఎక్కడ తొక్కాలి, ఎక్కడ వదలాలి అన్నది నేర్చుకోవడం. పైపు మీద పెట్టిన డబ్బు టైర్ల మీద పెట్టి ఉంటే మన పిల్లల జీపులు ఈపాటికి ఆ గుట్టను రెండుసార్లు ఎక్కి దిగేవి.

చట్టం మాట కూడా తెలుసుకుందాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చి రిజిస్ట్రేషన్లో రాసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణ తరువాత, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. శబ్దం, పొగ ప్రమాణాలు మీరితే మొదటిసారే 10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, మూడు నెలలు లైసెన్సుకు సెలవు. బండికి సైలెన్సర్ ఉండి తీరాలని కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 120వ నియమం వేరే ఉంది. ఇవన్నీ ఒక ఎత్తు. బీమా కంపెనీకి చెప్పకుండా మార్చిన బండి రేపు ఎక్కడైనా తగిలితే క్లెయిము దగ్గర పేచీ రావచ్చు. అది ఇంకో ఎత్తు.

శబ్దానికి 2000 సంవత్సరం నుంచి నియమాలున్నాయి. ఇళ్ళున్న చోట పగలు 55 డెసిబెల్, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45. ఆసుపత్రులు, బడులు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల లోపల ఇంకా తక్కువ. డెసిబెల్ లెక్క మామూలు కూడిక కాదు. 10 పెరిగితే శబ్దశక్తి పది రెట్లు, 20 పెరిగితే వంద రెట్లు. 'కొంచెమే ఎక్కువంకుల్' అన్నవాళ్ళు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

చట్టం కంటే మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టిన సంగతి ఇంకొకటుంది. అది ఊరి బయటిది.

మీకు తెలియంది కాదు. ఏటా రాగి కోతల కాలానికి బన్నేరుగట్ట వైపు నుంచి ఏనుగుల మందలు మన జవళగిరి, తళి, డెంకణికోట అడవుల్లోకి వస్తాయి. చేల మీద పడతాయి. రైతులు చలిలో మంచెల మీద పడుకుని కాపలా కాస్తారు. అందులో తెలుగువాళ్ళు, కన్నడంవాళ్ళు, తమిళంవాళ్ళు అందరూ ఉన్నారు. పోయిన కోతల కాలంలో ఒక శనివారం రాత్రి మన కుర్రాళ్ళవే మూడు బండ్లు ఆ దారిన పోయాయి. రెండు రోజుల తరువాత మేము పనిమీద అటు వెళితే ఒక పెద్దాయన ఆపి అన్న మాట ఇది.

"రాత్రి పొద్దు మాకు కండ్లు పన్జెయ్యవు సామీ, చెవులే పన్జేసేది. కొమ్మ ఇరిగే సద్దు ఇంటేనే ఏనుగు యాడుండాదో తెలిసేది. మీవోళ్ళ బండ్లు పోయినంక పావుగంట చెవులు గుయ్యిమంటా ఉండాయి. ఆ పావుగంటలో అది చేను కాడికొచ్చి నిలబడితే మేం మంచె దిగి దాని కాళ్ళకాడికే కదా పొయ్యేది?"

మా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉందా? ఆ రాత్రి ఏమీ జరగలేదు. జరగలేదు కాబట్టే ఇది రాయగలుగుతున్నాం. జరిగి ఉంటే ఏ ముఖంతో ఆ ఊరికి పోయి గుట్ట మీద పోటీ పెట్టుకుంటాం? రిజర్వు ఫారెస్టులోకి అనుమతి లేకుండా బండి తీసుకెళ్ళడమే నేరం. అడవి పక్క దారి మీద కూడా మన చప్పుడు ఇంకొకరి ప్రాణానికి అడ్డమవుతుందని ఆ పెద్దాయన చెప్పేదాకా మాకూ తట్టలేదు.

ఇక మన సంఘం పరువు సంగతి. 2006లో తమిళ అభ్యాస చట్టం వచ్చినప్పటినుంచి మన పిల్లల తెలుగు చదువు కోసం ఎన్ని ఆఫీసుల మెట్లెక్కామో పాతవాళ్ళకు తెలుసు. ఈ ఊళ్ళో మనం నిన్న మొన్న వచ్చినవాళ్ళం కాదు, తాతముత్తాతల నుంచి ఇక్కడివాళ్ళమే. అయినా లెక్కలో తక్కువమంది కాబట్టి ప్రతిదీ అడిగి తెచ్చుకోవాల్సిందే. పోయిన నెల అలాంటి అర్జీ ఒకటి పట్టుకుని ఒక ఆఫీసుకు పోతే, అక్కడి అధికారి కాగితం చదవకముందే నవ్వుతూ, "మీ తెలుగువాళ్ళ జీపులేనా రాత్రిళ్ళు మా వీధిలో ఉరుముతున్నది?" అని తమిళంలో అడిగారు. ఆయన హాస్యానికే అన్నారు. మాకు మాత్రం అర్జీ చేతిలో బరువెక్కింది. నలుగురు కుర్రాళ్ళు చేసినదానికి అందరినీ అనడం న్యాయమా అంటే కాదు. కానీ తక్కువమందిగా ఉన్నచోట న్యాయం అలాగే నడుస్తుంది. మన బడి పిల్లల కాగితానికి మన పైపుల చప్పుడు అడ్డం రాకూడదు.

పిల్లలు అడిగిన ఎదురు ప్రశ్నలకు కూడా జవాబు చెప్పాలి. వాళ్ళవి పనికిమాలిన ప్రశ్నలేం కావు.

"ఊరేగింపుల్లో పెద్ద పెద్ద స్పీకర్ల చప్పుడు మీకు వినపడదా?" అన్నారు. వినపడుతుంది. మన సంఘం ఊరేగింపులో పెట్టిందీ వినపడింది. అది మన తప్పు. ఈ ఏడు నుంచి తగ్గిద్దాం. ఆ మాట కమిటీలో మేమే పెడతాం. పెద్దల తప్పు చిన్నల తప్పుకు లైసెన్సు కాదు.

"స్విచ్చు వేస్తే చప్పుడు తగ్గే పైపు పెట్టించుకుంటాం" అన్నాడొకడు. అలాంటివి ఉన్నాయి. స్విచ్చు ఎవరి చేతిలో ఉంటుంది నాయనా? మొన్న బడి ముందు ఎవరి కాలు కింద యాక్సిలరేటర్ ఉందో ఆ చేతిలోనే.

"మా డబ్బు, మా బండి" అన్నాడు ఇంకొకడు. బండి నీది. గాలి, చెవులు, రాత్రి నిద్ర మాత్రం వీధి మొత్తానివి.

"షెడ్డువాళ్ళూ మనవాళ్ళే, వాళ్ళ పొట్ట కొడతారా?" అన్నారు. ఇది ఆలోచించాల్సిన ప్రశ్న. తుప్పుపట్టి చిల్లిపడిన సైలెన్సర్లకు వెల్డింగ్, గుట్టల మీద తగలకుండా కింద రక్షణ ప్లేట్లు, బండిని లాగే హుక్కుల దగ్గర బలం పెంచడం, ఇలాంటి పని జీపులకు ఎంతైనా ఉంది. ఆ పనికి మనమే నలుగురిని పంపుదాం. మా పాత మేస్త్రీ బ్యాఫిల్ తిరిగి పెట్టడానికి తీసుకున్నది ఒక టీ డబ్బులు. కానీ ఆ తరువాత ఇరవై ఏళ్ళు మా బండ్లన్నీ ఆయన దగ్గరికే పోయాయి.

ఒక మంచి మాట కూడా రాయకపోతే ఈ పిల్లలకు అన్యాయం చేసినట్టే. పోయినేడు వానలకు వాగు పొంగి దారి తెగినప్పుడు, నిండు నెలల మనిషిని అవతలి ఊరి నుంచి ఆసుపత్రికి చేర్చింది ఈ జీపులే. చెప్పించుకోకుండా, రాత్రి ఒంటిగంటకు లేచి పోయారు. ఫొటో కూడా పెట్టుకోలేదు. అందుకే వీళ్ళను పోకిరీలని మీటింగులో అన్నవాళ్ళతో మేము ఏకీభవించం. ఆ మాట వెనక్కి తీసుకోవాలి.

ఇప్పుడు మా ప్రతిపాదనలు.

ఒకటి, ర్యాలీ జరగాలి. పట్టపగలు, పోలీసు అనుమతితో, అడవి హద్దుకు దూరంగా. సాయంత్రం అయిదుకు అందరూ ఇంటికి చేరాలి.

రెండు, కంపెనీ సైలెన్సర్ ఉన్న బండికే సంఘం స్టిక్కరు. కోసిన బండి మా అన్న కొడుకుదైనా సరే, గేటు బయటే.

మూడు, ఒక పందెం. పవర్ పెరిగిందని నమ్మేవాళ్ళు ర్యాలీకి ముందు ఒక పగలు, ఊరికి దూరంగా, ఆ పొలంలోనే నిరూపించండి. అదే గుట్ట, అదే బండి, అదే డ్రైవరు, అదే గేరు, టైర్లలో అదే గాలి. కోసిన పైపుతో మూడుసార్లు, కంపెనీ సైలెన్సర్ బిగించి మూడుసార్లు. బండిని ట్రక్కు మీద ఎక్కించి తెచ్చే ఖర్చు మాది. స్టాప్‌వాచ్ మా దగ్గరుంది. పైపు గెలిస్తే ఆ బండికి ట్యాంకు నిండా డీజిల్ మేము పోస్తాం, ఇక్కడే అందరి ముందూ ఓడిపోయామని రాస్తాం. ఓడితే మీరు చెయ్యాల్సింది ఒక్కటే. పాత సైలెన్సర్ తిరిగి బిగించుకుని, తెలుగు చెప్పే అమ్మ దగ్గరికి పోయి ఒక నమస్కారం పెట్టండి. ఫలితంతో పని లేకుండా రెండోది ఎలాగూ చెయ్యండి.

నాలుగు, నిజంగా ఇంజన్ పని మీద ఇష్టమున్న పిల్లలుంటే చెప్పండి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో రేసు ట్రాకులున్నాయి. రేసుల్లో కూడా చప్పుడుకు హద్దులుంటాయని అక్కడ మీరే చూస్తారు. నలుగురైదుగురు తయారైతే ఒకసారి పోయిరావడానికి ప్రయాణ ఖర్చు సంఘం పెట్టుకోవాలని మా కోరిక.

అయిదు, పెద్దలకు. ర్యాలీకి రాము అని ఇంట్లో కూర్చోవద్దు. వచ్చి జీపులో పక్క సీటులో కూర్చోండి. పిల్లవాడి పక్కన తాత కూర్చుంటే యాక్సిలరేటర్ తనంతట తానే సగం తగ్గుతుంది. గుట్ట ఎక్కేటప్పుడు భయమేస్తే కళ్ళు మూసుకోండి, దిగనివ్వమని మాత్రం అడగొద్దు.

మా ఆర్‌ఎక్స్ ఇప్పుడు లేదు, అమ్మేశాం. కొన్నవాడు దాని చప్పుడు విని కాదు, కొండ ఎక్కించి చూసి కొన్నాడు. బ్యాఫిల్ ఉంది కాబట్టి ఎక్కింది.

మీ అభిప్రాయం రాయండి. ఒప్పుకోనివాళ్ళు ఎందుకో కూడా రాయండి, దిద్దుకుంటాం. వచ్చే ఆదివారం మీటింగు పదిన్నరకు. తెలుగు తరగతి పదింటిదాకా ఉంటుంది. కాస్త ముందొచ్చేవాళ్ళు బండి వీధి మొదట్లోనే ఆపి నడిచి రండి.